ఆదోని బస్టాండులో అరగంట

ఎమ్మిగనూరు,
నవంబరు 6

కృతి నాయనకు, మీ అరుణ రాసుకునేది.

ఇక్కడ అందరం బాగున్నాం. మీకు బెంగుళూరుకు ఫోను చేస్తే అత్తమ్మ మగ్గం గుంతలో నేస్తూనే అన్నీ వింటుంది, అందుకే రాస్తున్నాను.

మంగళవారం మామను ఆసుపత్రిలో కసరత్తుకు ఆదోని తీసుకుపోయాను. పక్షవాతం వచ్చినప్పటి నుంచి వారానికి రెండుసార్లు ఇదే దారి కదా. మెట్టు ఎత్తు తక్కువున్న బస్సు వచ్చేదాకా నిలబడతాను. చంకన కృతి పాపను పెట్టుకుని, ఇంకో చేత్తో మామను ఎక్కిస్తాను. ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేకుండా చేశాక సీటు దొరకడం కష్టమైంది. అందుకని తిరుగు బస్సులో మామను ముందే కూర్చోబెట్టాను. ఇంతలో పాప ఒంటికి అంది. దించి గోడ పక్కకు తీసుకుపోయాను. బస్సు కదిలిపోయింది.

ఎంక్వైరీ కిటికీలో ఆయన, "పెద్దాయన పేరేంది?" అన్నాడు. మామ పేరు కోడలు నోట రాకూడదు కదా. తల వంచుకుని నిలబడ్డాను. పక్కన పూలమ్మే ఆమె, "సెప్పమ్మా, ఆయప్పకు మాట గూడా రాదంటివి. యాడ దిగిపోతాడో ఏమో. నీ సిగ్గు సల్లగుండ" అంది. చివరికి "భీమన్న" అన్నాను. వాళ్ళు కండక్టరుకు ఫోను చేశారు. అప్పటికి అరగంట పోయింది. ఎమ్మిగనూరులో అందరూ దిగినా మామ సీట్లోనే ఉన్నాడట, పంచె తడుపుకుని.

నా సిగ్గు వల్ల జరిగింది. తప్పు కాయండి.

మీ మాట కోసం చూస్తూ,
అరుణ


ఎమ్మిగనూరు,
నవంబరు 17

కృతి నాయనకు,

ఈ కాలంలో కూడా ఇట్లాంటి కోడలుందా అని మీరు అత్తమ్మకు ఫోను చేసి నవ్వారట. ఆమె వీధిలో నలుగురికీ గొప్పగా చెప్పుకుంది. నాకు అన్నం దిగడం లేదని రాయాలి. కానీ దిగుతోంది. నిద్ర కూడా పడుతోంది.

నేను రాసింది అబద్ధం. పేరు చెప్పడానికి సిగ్గుపడింది నిజమే, అది ఒక్క నిమిషం. మామ పేరు అచ్చులో ఉన్న ఆసుపత్రి చీటీ నా సంచిలోనే ఉంది. అది చూపిస్తే చాలు, నోరు తెరవక్కర్లేదు. బస్సు పోయాక నేను బెంచీ మీద కూర్చున్నాను. పాపకు బన్ను కొనిచ్చి, అది తింటుంటే చూశాను. భయం వేయలేదు, ఏడుపు రాలేదు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఎవరినీ ఎక్కించే పని లేదు. బన్ను అయిపోయాక పాప, "తాత యాడ?" అంది. అప్పుడు లేచాను.

ఇంకొకటి. బస్సు కదిలినప్పుడు నేను దూరంగా లేను. మామ కిటికీలోంచి నన్ను చూశాడు. మన స్టేజీ వస్తే ఆయన మంచి చేత్తో బస్సు రేకు మీద కొట్టి ఆపిస్తాడు. ఆ రోజు నేను ఎక్కకుండానే బస్సు కదిలినా కొట్టలేదు. ఆ చెయ్యి బయటికి పెట్టి, కూర్చో అన్నట్టు కిందికి ఆడించాడు. నేను కూర్చున్నాను.

ఈ ఉత్తరం అందాక వచ్చే మంగళవారం సెలవు పెట్టి రండి. మీ నాయనను మీరే ఆదోని తీసుకుపోండి. మీరు రాకపోతే మళ్ళీ నేనే తీసుకుపోతాను. ఈసారి ఆ బెంచీ మీద కూర్చుంటే లేస్తానో లేదో నాకు తెలియదు.

అరుణ