గడ్డెలుకలు కుప్ప వేయని ఏడు

ప్రేమగల దుల్మా అక్కకు,

చలికాలం సుఖంగా గడుస్తోందా? మీ పట్నంలో పొయ్యికి బొగ్గు దొరుకుతోందా? మేమూ సుఖంగానే గడుపుతున్నాం. మంద సుఖం, మనుషులం సుఖం.

ఇంతవరకూ మర్యాద కోసం రాశాను. గుడారం అంటుకున్నా సరే, ఎవరైనా పలకరిస్తే ముందు "సుఖమే" అనాలని, ఆ తర్వాతే నీళ్ళు అడగాలని అమ్మ నేర్పింది కదా. మర్యాద తీరింది. ఇక నిజం రాస్తాను. అక్కా, మేం సుఖంగా లేం.

మొదట మెత్తటి మంచు పడింది. మధ్యలో ఒకరోజు వెచ్చబడి పైపొర కరిగింది. ఆ రాత్రే మళ్ళీ బిగుసుకుంది. ఇప్పుడు నేలంతా ఇనుపరేకు పరిచినట్టుంది. గడ్డి దాని కింద ఉంది, కళ్ళకు కనిపిస్తుంది కూడా. గొర్రెలు గిట్టలతో గీరి గీరి కాళ్ళు రక్తం చేసుకుంటున్నాయి. ఆకలికి ఒకదాని ఉన్ని ఒకటి పీకి తింటున్నాయి. చచ్చినవాటిని దొడ్డి చుట్టూ గాలికి అడ్డంగా పేర్చాం. బతికినవి ఆ గోడ నీడనే పడుకుంటున్నాయి.

నీకు ఇంకో మాట చెప్పాలి. ఈ లోయలో చలికాలం ఎలా ఉంటుందో ముందుగా చెప్పేది మా ఆయనే. మన నాన్న దగ్గరే నేర్చుకున్నారు. ఎండాకాలం చివర గడ్డెలుకలు గడ్డి కొరికి, ఎండబెట్టి, బొరియ నోటి దగ్గర కుప్ప వేసి, గాలికి పోకుండా పైన గులకరాళ్ళు పెట్టుకుంటాయి కదా. కుప్ప ఎంత ఎత్తయితే చలి అంత గట్టిదని, అది నా మోకాలి దాకా వచ్చిందా, నీ మోకాలి దాకా వచ్చిందా చూసి రమ్మని నాన్న మనల్ని కొండవాలు మీదకు పంపేవాడు. ఈసారి మా ఆయన వాలంతా తిరిగి వచ్చి, "ఒక్క కుప్ప లేదు సెవ్‌జిద్. అవి నిశ్చింతగా ఉన్నాయంటే మెత్తటి చలికాలమే," అన్నారు. పొరుగు గుడారాల వాళ్ళందరూ మా ఇంట్లో కూర్చుని విన్నారు. అందరూ ఏటా కోసే గడ్డిలో సగమే కోశారు. గట్టి చలికాలాల్లో మందలు తోలుకుపోయే కొండల వెనక మరుగు లోయకు ఎవరూ పోలేదు.

మొన్న పక్క గుడారం త్సెవీన్ వచ్చాడు. టీ గిన్నె అందుకుంటూనే, "వదినా, మా అన్నకి చలి వేయడం లేదుగా? మెత్తటి చలికాలమాయె!" అన్నాడు. ఆయన తల ఎత్తలేదు. "ఎలుకల్ని అడిగి రా అన్నా, వసంతం ఎప్పుడొస్తుందో," అని మళ్ళీ అన్నాడు. నేను పొయ్యిలో పిడక వేస్తూ ఉండిపోయాను. గట్టిగా మాట్లాడటం నాకెప్పుడు వచ్చు కనుక?

ఈ ఉత్తరం ఉప్పు లారీ డ్రైవరు చేతికి ఇస్తున్నాను. తారాదేవి ముందు మా పేరున ఒక దీపం వెలిగించు. ఇక్కడ దీపానికి వెన్న అయిపోవచ్చింది.

నీ చెల్లెలు,
సెవ్‌జిద్

*

దుల్మా అక్కా,

ఈసారి మర్యాద రాయలేను, క్షమించు.

కొత్త ఏడాది తెల్ల నెల పండుగ వచ్చి వెళ్ళింది. మా గడప ఎవరూ తొక్కలేదు. మేమూ ఎవరి గడపా తొక్కలేదు. ఎదురుపడితే "సుఖమేనా" అని అడగాలి, "సుఖమే" అనాలి. ఆ అబద్ధం ఆడే ఓపిక కూడా ఎవరికీ మిగల్లేదు. గొర్రెలు దాదాపు అయిపోయాయి. గుర్రాలు ఒకదాని జూలు ఒకటి నమిలి నమిలి పడిపోయాయి. ఈనే వేళకి ఏమైనా మిగులుతాయా అని అడగకు.

అది కాదు అక్కా నా భయం. ఆయన మాట్లాడటం మానేశారు. ముందు పొరుగు వాళ్ళతో, తర్వాత నాతో, ఇప్పుడు కుక్కతో కూడా. దొడ్డిలో పడి ఉన్న గొర్రె పక్కన కూర్చుని దాని చెవి నిమురుతూ ఉంటారు. నిన్న ఉన్నట్టుండి, "నన్ను నమ్మి వాళ్ళు గడ్డి కోయలేదు," అన్నారు. ఆ ఒక్క మాటే. తర్వాత తలుపు పక్క మేకుకు వేలాడే గుర్రపు వెంట్రుకల తాడు తీసుకుని, ఒడిలో పెట్టుకుని, పొద్దు వాలేదాకా దాని ముడులు విప్పుతూ కూర్చున్నారు. కట్టడానికి మా దగ్గర ఏ గుర్రం నిలబడి ఉంది కనుక?

ఆయన బయటికి వెళ్ళినప్పుడు ఆ తాడు తీసి పిడకల పెట్టె అడుగున దాచాను. పైన పిడకలు పేర్చాను. ఆ పెట్టె మీదే కూర్చుని జపమాల తిప్పుతున్నాను. తాడేదని ఆయన అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉంది. దేవుడి ముందు కూర్చున్నా మనసు తాడు మీదే ఉంటోంది. ఇలాంటి జపం ఎవరికి అందుతుంది?

నేను నిశ్చయించుకున్నాను. దారి తెరుచుకోగానే ఆయన్ని తీసుకుని మీ ఇంటికి వచ్చేస్తాను. మిగిలిన జీవాలను ఎవరికైనా వదిలేస్తాను. నాకు గిన్నెలు కడిగే పని దొరికినా చాలు. ఆయన్ని ఈ వాలుకు కనిపించనంత దూరం తీసుకుపోవాలి. మీ ఇంట్లో ఒక మూల చాలు అక్కా. వద్దనకు.

సెవ్‌జిద్

*

ప్రేమగల దుల్మా అక్కకు,

నీ ఉత్తరం అందింది. మూల కాదు, గదే ఇస్తానన్నావు. చదువుకుని ఏడ్చాను. కానీ మేం రావడం లేదు. ఎందుకో చెప్తాను.

మాకు మిగిలిన కాసిని మేకలకు వేయడానికి ఏమీ లేని రోజు వచ్చింది. అమ్మ మనల్ని ఎన్నడూ ముట్టుకోనివ్వని పని చేద్దామనుకున్నాను. గడ్డెలుకల సొమ్ము తవ్వుకుందామనుకున్నాను. పైన కుప్ప లేకపోయినా బొరియ లోపల ఎంతో కొంత దాచుకుని ఉంటాయి కదా. పాపమని తెలుసు. దణ్ణం పెట్టుకుని, "తల్లీ, సగం వదిలేస్తాను," అని చెప్పుకుని, గడ్డపార తీసుకుని వాలు ఎక్కాను.

మొదటి బొరియలో గడ్డి లేదు. రెండోదానిలోనూ లేదు. మూడోదానిలో ఎలుకలే ఉన్నాయి. ఒకదానికొకటి ఆనుకుని, ఎండిపోయి, తోలూ ఎముకలూ మాత్రం ఉన్నాయి. చలికి చచ్చినవి కావు, ఎప్పుడో చచ్చినవి. పక్కన గోధుమ గింజలు ఉన్నాయి. ఎర్రరంగు పూసిన గింజలు.

వెనక నుంచి త్సెవీన్ గొంతు వినిపించింది. "తవ్వకు వదినా. అక్కడేం ఉండదు."

నేను గింజలు అరచేతిలో పెట్టి చూపించాను. అతను టోపీ తీసేశాడు. అంత చలిలో!

"జిల్లా నుంచి విషం పూసిన గింజల సంచి ఇచ్చారు. ఎలుకలు పోతే గడ్డి మిగులుతుందన్నారు. వసంతంలో మీరు అవతలి మకాంలో ఉన్నప్పుడు ఈ వాలంతా నేనే చల్లాను."

"మరి ఆ రోజు మా ఇంట్లో కూర్చుని విన్నావు కదయ్యా. కుప్పలు లేవని ఆయన అన్నప్పుడు..."

"అప్పుడు తట్టలేదు వదినా, ఒట్టు! మెత్తటి చలికాలమంటే సంతోషపడ్డాను. మంచు బిగిశాక తట్టింది. తట్టాక నోరు రాలేదు." మంచులో కూలబడ్డాడు. "అందుకే అన్నని అన్నేసి మాటలన్నాను. నేను అరుస్తుంటే ఎవరూ నన్ను చూడరు కదా. నా ఆవు కూడా పొద్దున పడిపోయింది. ప్రాణం ఉంది కానీ లేవడం లేదు. అదీ పోతే నా దొడ్డి ఖాళీ."

ఇంటికి వచ్చేదాకా ఆలోచించాను. చెబితే ఆయన తలెత్తుకుంటారు, అతను తలదించుకుంటాడు. ఒకరి మెడ మీది బరువు తీసి ఇంకొకరి మెడ మీద పెట్టడం ధర్మమేనా? తెలియలేదు. కానీ పిడకల పెట్టె కనిపించగానే చెప్పేశాను. గింజలు ఆయన చేతిలో పోశాను.

చాలాసేపు వాటిని వేలితో కదుపుతూ కూర్చున్నారు. "అయితే అవి నిశ్చింతగా లేవన్నమాట," అన్నారు. "కుప్ప వేయడానికే లేవు. నేను సమాధుల మధ్య తిరిగి వచ్చి శుభం చెప్పాను."

లేచి టోపీ పెట్టుకున్నారు.

"ఆ తాడు ఇలా ఇవ్వు."

నేను వెళ్ళి పెట్టె మీద కూర్చున్నాను. "ఏ తాడు?" అన్నాను.

"నువ్వు కోడిపెట్టలా పొదుగుతున్నావు చూడు, ఆ తాడు."

"ఎందుకు?"

"త్సెవీన్ ఆవు పడిపోయిందన్నావుగా. ఒక్కడూ ఎలా లేపుతాడు? పొట్ట కింద తాడు వేసి ఇద్దరం లాగాలి."

అక్కా, అది నిజమో కాదో నాకు తెలియదు. పెట్టె మీద నుంచి లేవబుద్ధి కాలేదు. ఆయన ముఖంలోకి చూశాను. తారా, తారా అనుకుంటూ లేచి, పిడకలు తీసి, తాడు ఇచ్చాను. ఆయన వెళ్ళాక కోటు కూడా వేసుకోకుండా వెనకే పరిగెత్తాను.

త్సెవీన్ దొడ్డి దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు వినిపించింది. ఎన్నాళ్ళకో! "లాగరా గాడిదా! గింజలు చల్లడానికి వచ్చిన చేతులు లాగడానికి రావా?" అని తిడుతున్నారు. త్సెవీన్ ఏడుస్తూ లాగుతున్నాడు. నేనూ వెళ్ళి తోక పట్టుకుని ఎత్తాను. ముగ్గురం కలిసి దాన్ని నిలబెట్టాం. రేపు నిలబడుతుందో లేదో తెలియదు. మంచు ఇంకా కరగలేదు. దొడ్డి గోడ ఇంకా పెరుగుతూనే ఉంది. మాకు తినడానికి ఉన్నది కూడా కొంచెమే. కానీ ఈ లోయలో ఇప్పుడు ఆవంటూ ఉన్నది ఆ ఒక్కటే, దాన్ని రోజూ నిలబెట్టడానికి ముగ్గురూ కావాలి. అందుకే రావడం లేదు.

మిగిలిన చిటికెడు వెన్నతో గడ్డెలుకల పేరున దీపం పెట్టాను. ఎవరైనా అడిగితే సెవ్‌జిద్ సుఖంగా చలికాలం గడుపుతోందని చెప్పు.

ఆ సాయంత్రం ఆయన తాడు తెచ్చి పెట్టెలో పెట్టలేదు. తలుపు పక్క మేకుకే తగిలించారు. నేను తీయలేదు.

నీ చెల్లెలు,
సెవ్‌జిద్