గని నుంచి వెళ్ళిన ఎంపీ

గురువారం రాత్రి, మెసయీద్, ఖతర్

నూరేళ్ళ కిందటి బ్రిటిష్ ఎంపీ ఒకాయన జీవితచరిత్ర ఇప్పుడే ముగించాను. బొగ్గుగనిలో పనిచేసి, ఆ కార్మికుల ఓట్లతోనే పార్లమెంటుకు వెళ్ళాడు. మంత్రి అయ్యాక వాళ్ళ సమ్మెకే అడ్డుపడ్డాడు. ఏ రోజు మారాడో పుస్తకంలో ఎంత వెతికినా దొరకలేదు.

నాకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చాక మా ఊరి నుంచే వచ్చి ఇక్కడ కూలిపని చేసే యాదయ్య కాక ఈరోజే కనబడ్డాడు. కూలీలుండే క్యాంప్ నుంచి పనికి తెచ్చే బస్సులో ఏసీ పనిచేయడం లేదని చెప్పడానికి వచ్చి, తలుపు దగ్గరే ఆగి "మేడం" అన్నాడు.

"ఏంది కాకా, బిడ్డా అనవా?"

"ఇగ నువ్వు మేనేజర్ పక్కన కూసునేదానివైతివి గద!" అని నవ్వాడు.

మేనేజర్‌కు చెబుతానన్నాను. మధ్యాహ్నం మీటింగ్‌లో ఆయన "క్యాంప్ నుంచి ఏమైనా ఉందా?" అని అడిగితే అందరూ నావైపు చూశారు. "ఏమీ లేదు" అన్నాను.

రేపు, ఎల్లుండి ఆఫీసు వాళ్ళం మాకు సెలవు. కాకకు శనివారం డ్యూటీ ఉంది, ఆ బస్సులోనే.