తలూపిన పాపానికి

మంగళవారం, రాత్రి

ఇవాళ ఆఫీసు ఆన్‌లైన్ మీటింగ్‌లో మేనేజర్ అందరి మైకులూ మ్యూట్ చేశాడు. కెమెరా మాత్రం ఆపకూడదట. ఆయన మాట్లాడుతుండగానే అత్తయ్య వంటింటి గుమ్మంలోంచి, "ఒసే, నెత్తళ్లు పులుసెట్టీమంటావేటి?" అంది. ఆ చిన్న చేపలంటే నాకిష్టం, నవ్వి తలూపాను.

సరిగ్గా అప్పుడే ఆయన, "నైట్ షిఫ్ట్ సుజాతకి ఓకేనా?" అని అడిగాడట. "థాంక్యూ సుజాతా" అన్నాక గానీ నాకు తెలియలేదు. మాట్లాడాలని చెయ్యి గుర్తు నొక్కాను. దాన్ని దించేసి మీటింగ్ ముగించాడు.

ఫోన్ చేస్తే, "రికార్డింగ్‌లో ఉంది కదమ్మా, నవ్వుతూ ఒప్పుకున్నావు" అన్నాడు.

రాత్రంతా ఈ కెమెరా ముందు కూర్చుంటే పాప ఎలా పడుకుంటుంది? నేను పక్కన లేకపోతే కన్ను మూయదే...

పులుసు కంచంలోనే వదిలేశాను. అత్తయ్యకి కోపమొచ్చింది.

"తలూపినావు కదే, ఇప్పుడు తినవేటి?"