నేను గీసిన గోదావరి

నవంబర్ 12, ఆదివారం

ఇందుమూలంగా సమస్త క్వార్టర్ల ప్రజలకు తెలియజేయడమేమనగా, రేపటి నుండి నల్లా దగ్గర మొదటి బిందె నాదే. పొద్దున ఈ శాసనం అరిచి చెబితే అందరూ నవ్వారు, పక్కింటి రాజక్క తప్ప.

"తమ్మీ, గోదారి సముద్రంల కలిసేకాడ తుఫానొచ్చిందని రేడియోల చెప్పిన్రట. గవ్వలంక మునిగిందా?"

ఆమె తమ్ముడు మల్లేశు బొగ్గుబాయి పని వదిలిపోయి రెండేళ్లు. పడవల మీద పని దొరికిందని నిరుడు కార్డు రాశాడు. చదివిపెట్టింది నేనే. ఆ రోజే ఆమె వాకిట్లో బొగ్గుతో గోదావరిని గీశాను: మన ఊరు, మంథని, కాళేశ్వరం, భద్రాచలం, ధవళేశ్వరం ఆనకట్ట, ఆ కింద పాయలు, పాయల మధ్య లంకలు, చిట్టచివరి గవ్వలంకలో మల్లేశు. అప్పటి నుంచి ప్రతి సోమవారం రాజక్క ఆ లంకకని ఏట్లో దీపం వదులుతోంది.

"రేపు పెద్దపల్లిల రైలెక్కుత. పోయి వాణ్ణి తీస్కొస్త."

"దారులు తెగినయట అక్కా, రెండ్రోజులు ఆగరాదు."

"నువ్వు గీసిన దారి యాదికుంది తియ్. ఏటి పొంటి నడిచి పోత."

వాడకట్టునంతా ఆటపట్టించే నేను, ఖాళీ బిందెతోనే ఇంట్లోకి వచ్చేశాను. ఇప్పుడు గోడ అవతల ఆమె మూట కడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆ కార్డు మీద ఊరి పేరే లేదు. తపాలా ముద్ర కూడా అలుక్కుపోయింది. ఏ ఊర్లో ఉన్నడని ఆమె ఏడుస్తుంటే, గవ్వలంక అని నేనే పుట్టించాను.