ముడులు విప్పని నల్లపోగు

నా భార్య ఆండాళు పాడె లేవకముందే, వాకిట్లో నలుగురి ముందు నా తమ్ముడు కమలాకర్, “ఎర్రపోగు లేని నల్లపడుగు మగ్గమెక్కించి వదినెను మింగినవ్” అన్నాడు. నాలుగేండ్లు కావస్తోంది. ఆ మాట గొంతులో ముల్లులా అట్లనే ఉంది.

నేను తిరందాసు కృష్ణయ్య, పానగల్లు, వయసు డెబ్బై ఆరు. కండ్లు మసకే గాని బుద్ధి మసకబారలేదు. తాగించి రాయించినవాడు లేడు, బెదిరించినవాడు లేడు. నాది రెండో తరగతి చదువు. అక్షరం వంకరపోతే సర్దుకోండి, నా నేత ఎన్నడూ వంకరపోలేదు. నా తదనంతరం నా సొత్తు ఈ విధంగా చెందాలి.

1. ఇల్లు, వెనుక జాగా నా బిడ్డ, బడి పంతులమ్మ శ్రీదేవికి సర్వహక్కులతో. ఈ వీలునామా అమలు చేసేదీ ఆమే. అల్లుడు విజేందర్ సలహా చెప్పవచ్చు, వినాలని లేదు.

2. ఆండాళు వెండి కడియాలు మనుమరాలు మనస్వినికి. కరిగించొద్దు. ఆమె కాలికి ఒరిసి ఒరిసి లోపలి వైపు నున్నగయింది. ఆ నునుపు ఉండాలి.

3. నల్లబట్ట సంగతి. తెలంగాణ వచ్చిన ఏడు పోలాండు దేశపు హన్నా అనే ఆమె, నూలుకు ముడులేసి రంగద్దే చిటికి పని నేర్వను మా ఇంట్లో మూడు నెలలుంది. ఆమె చెప్పింది శ్రీదేవి తెలుగులో వినిపించింది. నూటయాభై ఏండ్ల కింద వాళ్ల దేశాన్ని రష్యా చక్రవర్తి ఏలేవాడు. తిరగబడినందుకు హన్నా ముత్తవ్వ అవ్వ మొగుణ్ని సంకెళ్లేసి సైబీరియా మంచులోకి తోలారు. ఆ దుఃఖానికి పోలాండు ఆడవాళ్లు నల్లబట్ట కట్టారు. కట్టొద్దని సర్కారు హుకుం చేసింది, జుర్మానా వేసింది. మొగుడు బతికే ఉన్నాడు గదా, నలుపు ఎవరికని ఆ అవ్వను పోలీసులు అడిగితే, “ఆయన ఇంటికొచ్చిన నాడు విడుస్తా” అందట. ఆయన రాలేదు. ఆమె విడవలేదు.

అది విని ఆండాళు, “గామె పేరు మీద ఒక్క నల్ల రుమాలు నేద్దాం” అంది. ఎరుపు లేకుండా ఒట్టి నలుపు అరిష్టమని మా ఇంట్లో మగ్గమెక్కించరు, వద్దన్నాను. “గామె రాజుకే భయపడలే, నువ్వు పడుగుకు భయపడ్తవా” అని నవ్వింది. ఎక్కించాను.

కనుక తమ్ముడా, నలుపు కోరింది మీ వదినె. చచ్చినదాని మీద తప్పు మోపినట్టవుతుందని ఇన్నాళ్లు చెప్పలేదు. ఆమెను తీసుకుపోయింది గుండెనొప్పి. దవాఖాన తోవలో నా చెయ్యి పట్టుకునే పోయింది.

4. సగం నేసిన రుమాలు ఆమె పోయిననాటి నుంచి మగ్గం మీదే ఉంది. మిగతా సగానికి కావలసిన నూలుకు ఆండాళే ముడులు కట్టి, నలుపులో ముంచి ఆరేసింది. నేను విప్పలేదు. విప్పితే ఆమె చేతిపని అయిపోతుంది. ముడుల కింద రంగంటకుండా ఏ బొమ్మ తెల్లగా దాచిందో తెలియదు. అడిగితే, “నేసేటప్పుడు చూస్తవు తియ్” అంది. మగ్గం, ఆ నూలు కమలాకర్‌కు. నా తర్వాత బొమ్మ చెదరకుండా నేసేది వాడొక్కడే. నోటితో అనలేను, రాస్తున్నాను.

5. ఈ కాగితం నకలు ఈనాడే కమలాకర్ ఇంటికి పోతుంది. రాఖీ పున్నమికి నా జంధ్యం వాడే మార్చేవాడు. మూడు రాఖీ పున్నములుగా నేనే మార్చుకుంటున్నాను.

తమ్ముడా, మాఫీ అడగమనను. మగ్గం గుంతలో కూర్చుని, ఆ ముడులు నా కండ్ల ముందు విప్పి నేస్తావా, లేదా? నెయ్యనంటే ఆ నూలు విప్పకుండా నాతో పాటే కాల్చాలని శ్రీదేవికి నా ఆజ్ఞ. ఆగస్టు 26, రాఖీ పున్నమి పొద్దుగూకే లోపు జవాబు కావాలి. మనిషిని పంపొద్దు. నువ్వే రా.

పానగల్లు, 30 జూలై 2018
(సంతకం) తిరందాసు కృష్ణయ్య

సాక్షులు: గంజి మల్లేశ్, చిలువేరు నర్సింగమ్మ (వేలిముద్ర)