ఎప్పుడు చేరగలరని అడిగారు

శ్రీవారికి,

ఇక్కడ నేనూ పాపా బాగానే ఉన్నాం. మీరూ అత్తయ్యగారూ కులాసాగా ఉన్నారని మీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. ఆవిడ మోకాలి నొప్పి తగ్గిందంటే మాత్రం నమ్మబుద్ధి కావడం లేదు. అడిగితే తగ్గిందనే అంటారు. మెట్లు దిగేటప్పుడు మొహం చూడండి, తెలుస్తుంది.

పాప పన్ను ఊడిందా అని అడిగారు. ఊడింది. పారేస్తానంటే ఒప్పుకోలేదు. నాన్న వచ్చేస్తున్నాడుగా, చూపించాలని అగ్గిపెట్టెలో దాచుకుంది.

లెక్చరర్ ఉద్యోగం ఇంటర్వ్యూ సంగతి పూసగుచ్చినట్టు రాయమన్నారు. రాస్తాను, ఓపిగ్గా చదవండి. యూనివర్సిటీ లైబ్రరీ వెనకాల గదిలో మమ్మల్ని కూర్చోబెట్టారు. చెయ్యి విరిగిన కుర్చీలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. వచ్చినవాళ్ళలో కొత్త మొహాలు తక్కువ. ప్రతి యూనివర్సిటీ గుమ్మంలోనూ కలుసుకుని కలుసుకుని మేం ఒకరికొకరం చుట్టాలమైపోయాం. కళ్ళజోడాయన వచ్చాడు. పిలుపు రాకముందే అన్నం తినేసే క్యారేజీ మాస్టారూ వచ్చారు. ఖాళీ కడుపుతో లోపలికి వెళ్తే గొంతు పెగలదని ఆయన నమ్మకం.

మా అందరికీ కలిపి ఇంకో నమ్మకం ఉంది. లోపల వాళ్ళు ఏం అడిగినా, ఎంత మెచ్చుకున్నా లెక్కలోకి రాదు. చివర్లో "ఎప్పుడు చేరగలరు?" అని అడిగితే మాత్రం ఉద్యోగం వచ్చేసినట్టే. ఇన్నేళ్ళలో మాలో ఎవరినీ ఆ మాట అడగలేదు.

లోపల నా కాగితాలు తిరగేస్తూ ఒకాయన, "మీవారేం చేస్తారమ్మా?" అన్నాడు. మా ఊళ్ళో బస్సుల షెడ్డులో మెకానిక్ అన్నాను. "మరి ఆయన ఇక్కడికి వస్తారా, మీరే అక్కడికి వెళ్ళిపోతారా?" అన్నాడు. "ఆయనే వస్తారండీ" అన్నాను. మిమ్మల్ని అడగకుండానే అనేశాను, ఏమనుకోకండి. నాచు మీద నేను ఇన్నాళ్ళూ చేసిన పరిశోధన గురించి ఒకే ఒక్క ప్రశ్న వేశారు. జవాబు సగంలో ఉండగానే మధ్య కుర్చీలోని పెద్దాయన "చాలమ్మా" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. అప్పుడడిగాడు, ఎప్పుడు చేరగలరని.

"రేపే చేరతానండీ."

ఆ సంబరమంతా పోయిన ఉత్తరంలో మీకు రాశాను. అది చదివి మీరు పని మానేస్తున్నానని ఫోర్‌మన్‌కి చెప్పేశారు. మీ స్థానంలోకి వచ్చే మనిషికి ఏ బస్సుకి ఏ జబ్బో దగ్గరుండి నేర్పుతున్నానని కూడా రాశారు.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఇంతసేపూ నీళ్ళు నములుతున్నాను.

ఇంటర్వ్యూ అయిన సాయంత్రం, ఆ సంబరం రాసిన ఉత్తరం సంచిలో పెట్టుకుని బస్టాపులో నిలబడ్డాను. క్యారేజీ మాస్టారు వెలిగిపోయే మొహంతో వచ్చారు. "ఇల్లు ఖాళీ చేసేస్తున్నా మేడమ్. నన్నడిగేశారు, ఎప్పుడు చేరతారని" అన్నారు. నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి కళ్ళజోడాయన, "మిమ్మల్నీ అడిగారా?" అన్నాడు. ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆఫీసు అటెండరు కూడా ఆ బస్సుకే నిలబడి ఉన్నాడు. "అది ఈసారి కొత్తగా పెట్టిన ప్రశ్నండీ. అందరినీ అడగాలంట" అన్నాడు మామూలుగా. నాకు నవ్వొచ్చింది. మాస్టారు మాత్రం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని ఫుట్‌పాత్ మీద కూలబడ్డారు.

పోస్టు డబ్బా ఆ పక్కనే ఉంది. ఉత్తరం అందులో వేసేశాను. తెలిసే వేశాను. ఎన్నేళ్ళుగానో మీకు "లేదు, రాలేదు" అనే రాస్తున్నాను. అయిందని రాసిన ఉత్తరం ఒక్కటైనా మీ చేతికి అందాలనిపించింది. తర్వాతి ఉత్తరంలో చెప్పుకోవచ్చులే అనుకున్నాను. చొక్కా గుండీ కుట్టించుకోవడానికే నెలరోజులు ఆలోచించే మనిషి, ఇంత తొందరపడతారని కల్లో కూడా అనుకోలేదు. తప్పు నాదే. మీ మీద కోపం కూడా వస్తోంది, ఎందుకో తెలియదు.

నిన్న నోటీసు బోర్డు మీద ఉద్యోగం వచ్చిన మనిషి పేరు పెట్టారు. ఆ పేరు గల మనిషిని ఆ వెనకాల గదిలో మేమెవరమూ చూడలేదు. ఇక్కడ నేను గంటకింతని డబ్బు తీసుకుని చెప్పే పాఠాలు కూడా వచ్చే ఏడాది నుంచి ఉండవట. మరో ఊళ్ళో మరో ఇంటర్వ్యూ ఉంది, వెళ్తాను. అక్కడా అదే గది, అదే మనుషులు. ఆశ ఉండి వెళ్ళడం లేదు, వెళ్ళకపోతే ఏం చెయ్యాలో తెలియక వెళ్తున్నాను. పాపకింకా చెప్పలేదు.

మీరు రేపు పొద్దున్నే ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళండి. మొహం చెల్లకపోయినా వెళ్ళండి. మా ఆవిడ పొరపాటు పడిందని చెప్పండి. మీ పని మీకు తిరిగిమ్మని అడగండి. మీరు లేనిదే షెడ్డు నడవదని ఆయనకీ తెలుసు, కాదనడు.

ఆ కొత్త మనిషి సంగతే ఉత్తరం అందినప్పటినుంచీ నా కళ్ళముందు ఆడుతోంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని షెడ్డుకొచ్చాడని రాసి నవ్వారు. ఫోర్‌మన్ ఎప్పుడు చేరతావంటే, రేపే అన్నాడని రాశారు. అతనికేం చెప్పాలో మాత్రం నన్నడక్కండి. ఇన్నేళ్ళలో మాకెవరూ ఏమీ చెప్పలేదు.

ఇట్లు,
ఎప్పటిలాగే దూరంగా,
మీ ఆవిడ