ఖర్చుల వైపు రాసిన మనిషి

జూన్ 11, మధ్యాహ్నం

శ్రీవారికి,

నమస్కరించి మీ భార్య రాసుకుంటున్న సంగతులు. ఇక్కడ అత్తయ్య, నేను, కుట్టుమిషను ముగ్గురం క్షేమం. మీరు వేళకు భోంచేస్తున్నారనుకుంటాను. ప్లీడరుగారి కోసం పాత దస్తావేజులు నకలు రాయడానికి ఇంకో వారం పడుతుందన్నారు కదా, అందుకే ఈ ఉత్తరం. ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు. ఐదో తరగతి చదువు, తప్పులుంటే దిద్దకండి.

లా కాలేజీలో వచ్చిన సీటు వద్దని రాసి, ఆ కవరు పోస్టులో వెయ్యమని నా చేతికిచ్చి మీరు బస్సెక్కారు. ఆ మాట అక్కడితో అయిపోయిందనుకుంటున్నారు. మర్నాడు మీ బల్ల తుడుస్తుంటే లెక్క కాగితం దొరికింది. మూడేళ్ళ ఫీజు, పుస్తకాలు, నల్లకోటు, బస్సు, పగటి ఉద్యోగం మానితే పోయే జీతం, అన్నీ ఒకే వరసలో కూడి కింద రెండు గీతలు కొట్టారు. మూడేళ్ళ అన్నం ఒక్క పూటే వండమంటే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయండీ.

ఆ వరస చివర ‘ఇంటావిడ: తిండి, బట్టలు, మందులు’ అని కూడా ఉంది. చదివి కాసేపు ఏడ్చాను, అబద్ధం చెప్పను. తర్వాత నవ్వొచ్చింది. పెళ్ళయ్యాక నాకు జలుబు చేసిందే ఒక్కసారి, మందులేమిటి?

నేను దర్జీ కొట్టుకి కాజాలు కుట్టి ఇస్తుంటే కాలక్షేపమనుకున్నారు. రెండేళ్ళకి దారాల డబ్బాలో పదకొండు వేలయింది. ఇప్పుడు దర్జీ చొక్కా మొత్తం నన్నే కుట్టమంటున్నాడు. నీ చెయ్యి ఆడినట్టు నోరూ ఆడితే నా కొట్టు ఎప్పుడో లాక్కునేదానివమ్మా అంటాడు. ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళని నల్లకోటు కొక్కేనికి వేలాడుతుంటే అదీ ఇచ్చేశాడు. ఆ మనిషి మీకు రెండింతలు కాబోలు, విప్పి చిన్నది చేస్తున్నాను.

సాయంత్రాలు వచ్చి టైపు చేస్తే సగం జీతం ఇస్తానని ప్లీడరుగారు ఎప్పుడో అన్నారు కదా. దాంతో ఇల్లు గడుస్తుంది. ముందు గది ఆస్పత్రి నర్సమ్మ అద్దెకడిగింది, నెలకు మూడు వేలు. భయపడుతూనే అత్తయ్య చెవిన వేశాను. ఇయ్యవే, వాడు ప్లీడరైతే చిన్నప్పటి దెబ్బలకి ముందు నా మీదే కేసు పెడతాడు, ఆ ఖర్చుకైనా ఉంటుంది అంది.

ఫీజు ఏడాదికి నలభై వేలూ ఒక్కసారే కట్టక్కర్లేదు, రెండు వాయిదాలు. రెండోది ఆరు నెలలకి. ఈలోగా ఎన్ని చొక్కాలు కుట్టాలో మీ కాగితం వెనకే వేసి చూశాను. కష్టమే, కుదరనిది మాత్రం కాదు.

ఒక్కటే అడుగుతున్నాను. మళ్ళీ లెక్క రాసేటప్పుడు నన్ను రాబడి వైపు రాయండి.

ఇట్లు,
మీ ఇంటావిడ

తా.క.: మీ కవరు పోస్టులో వెయ్యలేదు. పోస్టుడబ్బా దాకా రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాను. చివరికి లోపలి ఉత్తరాన్ని మీ కోటు కాలరుకి కొలత కాగితంగా కత్తిరించాను. నర్సమ్మ మూడు నెలల అద్దె ముందే ఇచ్చి మొన్న గదిలో దిగిపోయింది. మీ రాతబల్ల వంటింట్లో ఉంది, కోప్పడకండి. ఆ తొమ్మిది వేలూ, నా పదకొండూ పట్టుకుని నిన్న కాలేజీకి వెళ్ళాను. నిన్నే ఆఖరు రోజు. ఫీజు కట్టే కిటికీ దగ్గరికెళ్ళడానికి భయమేసి వరసలో ముగ్గుర్ని నాకంటే ముందుకి పోనిచ్చాను. గుమాస్తా, ఎవరికమ్మా, తమ్ముడికా అన్నాడు. మా ఆయనకి అన్నాను. వినబడలేదన్నాడు. రెండోసారి వరసంతా వినేలా చెప్పాను. రశీదు కోటు లోపలి జేబులో పెట్టి కుట్టేశాను. వచ్చాక మీరే విప్పుకోండి.